వీరంపాడు వారి ముంగిసలు

మా ముత్తాతగారు శ్రీ రాజా వేంకట గోపాల భూపతి బహద్దరు వారు వీరంపాడు ఎస్టేటుకు ఏడవ ప్రభువు. నలభై రెండు గ్రామాల శిస్తు ఆయన కచేరీకి వచ్చేది. ఆయన వీధిలోకి వస్తే వెనక వెల్లగొడుగు, ముందు వెండి బెత్తాలవాళ్ళు. కొండమీది స్వామి కల్యాణంలో మొదటి తాంబూలం మా ఇంటికే. మా తాతగారి కాలానికి గొడుగు మడతపడింది కానీ, ఆయన ఎదుట కుర్చీలో కూర్చోవడానికి ఊళ్ళో ఎవరికీ మనసొప్పేది కాదట. ఇక మా నాన్నగారు అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో, కార్లకు బ్రేకులు చేసే ఒక కంపెనీలో డ్రాయింగులు గీసేవారు. ఆ వరుసలో ఆఖరి పేరు నాది. ఇప్పటికీ నా వీపు కుర్చీకి ఆనదు. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. ముందుగా చెప్పకపోతే, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఒక బేస్‌మెంట్‌లో రెండు చిన్న జంతువుల పెంట ఎత్తడం మా ఇంట్లో ఎంత పెద్ద వ్యవహారమో మీకు అర్థం కాదు.

ఈ మధ్య ఇర్వింగ్‌లో మా అమ్మాయి నీరజ అపార్ట్‌మెంట్‌కు వెళ్ళాను. తలుపు తీయగానే ముందు వాసన పలకరించింది. అటు కస్తూరి కాదు, ఇటు తడిసిన గోనెసంచి కాదు, రెండింటికీ మధ్య ఏదో. నలభై ఏళ్ళయినా నా ముక్కు దాన్ని మర్చిపోలేదు. హాలు నేలమీద ఒక పంజరం విడివిడి ముక్కలుగా పరచి ఉంది. దాని మధ్య మా అమ్మాయి, ఆమె ఒళ్ళో పొడుగాటి గోధుమరంగు జంతువు ఒకటి. "మామ్, గుడ్ టైమ్‌కి వచ్చావు. ఈ స్క్రూలన్నీ సేమ్ సైజ్ అని మాన్యువల్‌లో ఉంది, బట్ కాదు! హెల్ప్ చెయ్యి. బై ద వే, దీన్ని తెలుగులో ఏమంటారు?" అంది. "ముంగిస" అన్నాను, క్షణమైనా ఆలోచించకుండా. "ముంగిస అంటే మంగూస్ కదా? ఇది ఫెర్రెట్, మామ్." "మన ఇంట్లో ముంగిసే" అన్నాను. అని, ఆ స్క్రూల మధ్య పట్టుచీరతో చతికిలపడి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాను. పిల్ల కంగారుపడి నాకు మంచినీళ్ళు తెచ్చింది.

ఆ మాట మా ఇంట్లోకి వచ్చింది మా మామ్మగారి వల్ల. అంటే నాన్నగారి తల్లి. తాతగారు పోయాక ఆవిడ మాతోనే ఉండేవారు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇల్లు ఇటుకరంగు గోడలతో, ఎదురుగా మేపుల్ చెట్టుతో, ఆ వీధిలో ఉన్న అన్ని ఇళ్ళలాగే ఉండేది. లోపల మాత్రం ఆవిడ దినచర్యే రాజ్యాంగం. పొద్దున్నే వెండి గ్లాసులో కాఫీ. ఆ గ్లాసు డిష్‌వాషర్ ముఖం ఎరగదు, ఆవిడ చింతపండుతో తోముకునేవారు. తర్వాత తలకు కొబ్బరినూనె, దేవుడికి కర్పూరం. కర్పూరం పొగకు వంటింటి అలారం కూత పెడితే "స్వామికి మేళం మొదలైంది" అనేవారు. వాషింగ్ మెషీన్‌ను ఆవిడ చాకలి అనేవారు. అది బేస్‌మెంట్‌లో ఉండేది. రోజూ పదకొండింటికి "చాకలి ఏం చేస్తున్నాడో చూసొస్తాను" అని మెట్లు దిగేవారు. ఒక వేసవి రోజు అలా దిగి, దిగినంత నిదానంగానూ ఎక్కి వచ్చారు. వీరంపాడు ఆడవాళ్ళు పరుగెత్తరు.

"అబ్బాయ్, కింద నాగేంద్రుడు వెలిశాడు" అన్నారు.

నాన్నగారు వెళ్ళి చూశారు. పెన్సిలంత సన్నం, వీపుమీద పసుపుచార. "గార్టర్ స్నేక్ అమ్మా. ఇక్కడి తోటల్లో మామూలే. విషం ఉండదు."

"విషం ఉందో లేదో దాన్ని అడిగావా? ముంగిసను తీసుకురా."

"ముంగిస ఇక్కడ దొరకదమ్మా."

"చంద్రుడి మీదికి వెళ్ళొచ్చిన దేశంలో ముంగిస దొరకదా? మన ఇంట్లో ముంగిస తిరిగితే శుభం కూడాను."

ఆ శనివారం నాన్నగారు నన్ను వెంటబెట్టుకుని మాల్‌లోని జంతువుల షాపుకు డ్రైవ్ చేశారు. కౌంటర్ దగ్గర జుట్టు భుజాలదాకా పెంచిన కుర్రాడొకడు నిలబడి ఉన్నాడు. "డూ యూ హావ్ ఎ మంగూస్?" అని నాన్నగారు మర్యాదగా అడిగారు. మా ఊరి ఇంగ్లీషు వాడి చెవికి ఎలా చేరిందో గానీ, "మ్యాంగో జ్యూసా? ఫుడ్ కోర్టులో ట్రై చెయ్యండి సర్" అన్నాడు. నాన్నగారు డ్రాయింగులు గీసే మనిషి కదా, వాడి కాగితమే తీసుకుని ముంగిస బొమ్మ గీశారు. పొడుగాటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు, చురుకైన ముఖం. కుర్రాడి ముఖం వెలిగిపోయింది. "ఓ! ఫెర్రెట్!" అని లోపలికి వెళ్ళి రెండింటిని చెరో చేత్తో పట్టుకొచ్చాడు. వాటిలో ఒకటి వెంటనే నాన్నగారి జేబులోంచి పెన్ను లాక్కుంది. మా బొమ్మకూ వాటికీ నిజంగానే తేడా కనిపించలేదు. ఇంటికి వచ్చే దారిలో వాడిచ్చిన చిన్న పుస్తకం చదివి, ఇవి ముంగిసలు కావనీ, పాముల జోలికి పోవనీ, రోజుకు పద్దెనిమిది గంటలు నిద్రపోతాయనీ నేను తెలుసుకున్నాను. నాన్నగారికి చెప్పాను. ఆయన రెండు సిగ్నళ్ళు దాటాక "మామ్మకు చెప్పకు" అన్నారు.

మామ్మగారు వాటిని చూసి తల పంకించారు. "అమెరికా ముంగిసలు. పాలిపోయి ఉన్నాయి పాపం, ఎండ లేక" అన్నారు. పేర్లు కూడా అప్పటికప్పుడే పెట్టేశారు. పెన్ను లాక్కున్నది దివాన్జీ, రెండోది బక్షీ, రెండూ పాత ఎస్టేటు ఉద్యోగాలే. దివాన్జీ పది నిమిషాల్లో మా అమ్మ తాళాలు, నా సాక్సు, మామ్మగారి కళ్ళజోడు పెట్టె సోఫా కిందికి చేరవేసింది. "పేరు సరిగ్గా కుదిరింది. మన దివాను కూడా చేతికి అందిందల్లా సోఫా కిందికే చేర్చేవాడు" అన్నారు మామ్మగారు.

పంజరం షాపులో కొనడానికి నాన్నగారి వృత్తిగౌరవం ఒప్పుకోలేదు. గళ్ళ కాగితం మీద మూడు అంతస్తుల ప్లాను గీశారు. బ్రేకుకు కూడా అంత శ్రద్ధ పెట్టి ఉండరు. కర్ర, ఇనప జాలీ, బందులు తెచ్చి రెండు శనాదివారాలు బేస్‌మెంట్‌లో కొట్టిందే కొట్టడం. అంతస్తుకూ అంతస్తుకూ మధ్య వాలు బల్లలు, జారకుండా వాటిమీద కార్పెట్ ముక్కలు. నేలకు మా వంటింటి లినోలియంలో మిగిలిన ముక్కలు పరిచారు, తుడిస్తే పోతుందని. నీళ్ళ సీసా తలకిందులుగా కట్టారు. మూలన వాటి దొడ్డికి ఇసుకపళ్ళెం పెట్టారు. షాపువాడు అమ్మిన దేవదారు పొట్టు పరిస్తే రెండూ గంటసేపు తుమ్మాయి. మామ్మగారు దాన్నంతా ఎత్తించి, పాత ఉప్పాడ చీర ఒకటి కత్తిరించి, నాలుగు మూలలా తాళ్ళు కట్టి ఉయ్యాల వేలాడదీశారు. "చిరిగినా ఉప్పాడ ఉప్పాడే" అన్నారు. అంతా అయ్యాక నాన్నగారు రెండింటినీ లోపల పెట్టి, గడియ వేసి, చేతులు దులుపుకుని వెనక్కి తిరిగారు. తిరిగేసరికి దివాన్జీ ఆయన చెప్పుల మధ్య నిలబడి ఉంది. దాని వెనకే బక్షీ జాలీలోంచి నీళ్ళు కారినట్టు కారి వస్తోంది. ఆయన కన్నాల కొలత మనసులో ఉన్న మన ఊరి ముంగిసను బట్టి తీసుకున్నారు. ఫెర్రెట్ దానికంటే సన్నం. మా అమ్మ మెట్లమీదే కూర్చుని నవ్వింది. "రెండు దేశాల్లో చదివిన ఇంజనీరుగారండీ!" అంది. ఆయన కారు తాళాలు వెతుక్కున్నారు. అవి సోఫా కింద దొరికాయి. వెళ్ళి చిన్న కన్నాల జాలీ తెచ్చి, మొదటిదానిమీదే రెండో పొరగా బిగించారు.

పాము సంగతి కూడా చెప్పి ముగిస్తాను. అది మళ్ళీ కనిపించినప్పుడు మామ్మగారు దివాన్జీని తెప్పించి దాని ఎదుట నిలబెట్టించారు. దివాన్జీ పామును చూసింది. పాము దివాన్జీని చూసింది. దివాన్జీ వెనక్కి తిరిగి, బుట్టలోంచి నాన్నగారి బనీను లాక్కుని వెళ్ళిపోయింది. నాన్నగారు చీపురుతో పామును పెరటి గుమ్మంలోంచి గెంటారు. "ముంగిసను చూసి జడుసుకుంది. అందుకే చీపురుకే లొంగింది" అని మామ్మగారు తీర్పు చెప్పారు. ఎవరూ అప్పీలు చేయలేదు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. మొదటి రెండు వారాలూ ఫ్యాక్టరీ నుంచి వచ్చాక నాన్నగారే పంజరం కడిగారు. మూడో వారం మానేశారు. నాలుగో రోజుకు బేస్‌మెంట్ వాసన మెట్లెక్కింది. అయిదో రోజుకు వంటింట్లో పోపు వాసనను ఓడించింది. మా అమ్మ ఆస్పత్రి ల్యాబులో పనిచేసేది. ఎన్ని రకాల వాసనలకో అలవాటుపడిన మనిషి. ఆవిడే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "అత్తయ్యగారూ, మీ కర్పూరం ఇంకో రెండు బిళ్ళలు వెలిగించండి" అంది. నాన్నగారు భోజనం మధ్యలో నావైపు తిరిగారు.

"చిట్టమ్మా, వాటితో ఆడేది నువ్వు, కాబట్టి అవి నీవి. ఆదివారం మధ్యాహ్నానికి ఆ పంజరం నీ చేత్తో శుభ్రమవ్వాలి. లేకపోతే సాయంత్రం రెండూ షాపుకే."

నాకు పదకొండేళ్ళు. ఆ రెండు జంతువులంటే ప్రాణం. బడి నుంచి రాగానే అవి పక్కలకు గెంతుతూ, కిచకిచలాడుతూ, పిచ్చి పట్టినట్టు నా చుట్టూ ఆడే ఆటకోసమే నేను బస్సు దిగి పరుగెత్తేదాన్ని. వీరంపాడు ఆడవాళ్ళు పరుగెత్తరన్న సంగతి వీధి మలుపు దాటాకే గుర్తొచ్చేది. అయినా ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర నా నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"వీరంపాడు వారు పెంట ఎత్తరు" అన్నాను.

నాన్నగారు చెంచా కింద పెట్టారు. "నేను ఇవాళ ఫ్యాక్టరీలో నేలమీద గ్రీజు తుడిచి వచ్చాను. నేను ఏ ఊరివాణ్ణి?"

నేను మామ్మగారివైపు చూశాను. ఆ మాట నాకు నేర్పింది ఆవిడే. ఆవిడ కంచంలోకి చూస్తూ, "ఒక పాలేరును పెట్టరాదూ అబ్బాయ్?" అన్నారు, అంత గట్టిగా కాదు. "ఇక్కడ పాలేరు అంటే నాకంటే పెద్ద కారులో వస్తాడమ్మా" అన్నారు నాన్నగారు. సంగతి అక్కడితో ఆగిపోయింది. నేను ముద్ద మింగలేదు, మాట కూడా మార్చుకోలేదు. మా వంశంలో ఆ రెండూ పాత జబ్బులే.

శనివారం మధ్యాహ్నం అమ్మా నాన్నగారూ ఎవరో స్నేహితుల ఇంటికి, తలా ఒక వంటకం పట్టుకెళ్ళే పాట్‌లక్‌కు వెళ్ళారు. నేను బేస్‌మెంట్‌లో పంజరం ముందు కూర్చుని, ఉయ్యాలలో ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్న దివాన్జీనీ బక్షీనీ చూస్తూ ముక్కు తుడుచుకుంటున్నాను. మామ్మగారు దిగి వచ్చారు. ముందు పైన, బయటి నేలకు సమంగా ఉన్న చిన్న కిటికీ దగ్గరికి వెళ్ళి కర్టెన్ బిగించి మూశారు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకున్నారు. గాజులు మోచేతిదాకా తోసుకున్నారు.

"నువ్వు మెట్ల దగ్గర నిలబడు. ఎవరైనా వస్తే దగ్గు."

"మామ్మగారూ, మీరా?"

"దగ్గమన్నాను, మాట్లాడమనలేదు."

ఆవిడ పంజరం తలుపు తీశారు. ఆ చేతుల్లో తడబాటు లేదు. నిద్రపోతున్న రెండింటినీ, ఉయ్యాల తాళ్ళు విప్పి, మూటలా మాసిన బట్టల బుట్టలో పెట్టారు. పాత దుప్పటి ముక్కలు ఒకవైపు, ఇసుక ఒకవైపు. అట్టముక్కతో మూల నుంచి మూలకు ఒక్క లాగు. తర్వాత వేడినీళ్ళలో వెనిగర్ కలిపి పైనుంచి కిందికి తుడుపు. కింది నుంచి పైకి తుడిస్తే చేసిన పని మళ్ళీ చేయాలని గొణిగారు. నాన్నగారు ఒకసారి బ్లీచ్ పోసి కడిగితే రెండూ పంజరం మొత్తం పాడుచేసిన సంగతి నాకు గుర్తుంది. ఈవిడ చివర ఇసుకపళ్ళెంలో కొత్త ఇసుక పోసి, పాతదాంట్లోంచి చిటికెడు తీసి మూలన వేశారు.

"అదెందుకు?"

"తన వాసన బొత్తిగా లేని చోట ఏ జంతువూ కుదురుగా ఉండదు. కాస్త మిగల్చాలి."

"ఇవన్నీ మీకెలా తెలుసు?"

ఆవిడ గుడ్డ పిండుతూ నావైపు చూడకుండా చెప్పారు. "ఏనుగు పేడ ఎత్తినదాన్ని. ఈ వేలెడు జంతువు ఒక లెక్కా?"

నేను దగ్గాను. ఎవరూ రాలేదు, మాట రాక దగ్గాను.

ఎస్టేటు పోయాక మా దేవిడీలో చివరిదాకా ఉన్నది మాణిక్యం అనే ముసలి ఆడ ఏనుగట. మావటి సెలవు తీసుకుని వెళ్ళిపోయాడు. కొత్తవాడు దొరకలేదు. దాన్ని కట్టేసే చోట పేడ పేరుకుపోయి దాని కాళ్ళు పుళ్ళు పడుతున్నాయి. ఊరు ఊరంతా కునుకు తీసే మిట్టమధ్యాహ్నం మామ్మగారు దొడ్డి తలుపు మూయించి, తట్ట, పార పట్టుకుని వెళ్ళేవారు. దాసీ అప్పలమ్మ గుమ్మంలో కాపలా. ఎవరైనా వస్తే దగ్గాలి. "ఎన్నాళ్ళు చేశారు?" "రెండేళ్ళు. మీ నాన్నకు తెలియదు, పట్నంలో హాస్టల్లో ఉన్నాడు. చెప్పకు." "తాతగారికి?" ఆవిడ పిండిన గుడ్డ దులిపి ఆరేశారు. "ఆయన సరిగ్గా ఆ వేళకు నిద్రపోయేవారు. అంతకుముందు ఆయనకు పగటినిద్ర అలవాటు లేదు."

ఇంతలో బుట్టలోంచి దివాన్జీ లేచింది. మేం చూస్తుండగానే వాషింగ్ మెషీన్ ఎక్కి, అక్కణ్ణించి కిటికీ గట్టుమీదికి పాకి, కర్టెన్ అంచు పళ్ళతో పట్టుకుని వేలాడింది. కడ్డీ ఊడింది. కర్టెన్, కడ్డీ, దివాన్జీ కలిసి బట్టల కుప్పలో పడ్డాయి. బేస్‌మెంట్ నిండా ఎండ. కిటికీ అవతల గడ్డిమీద పక్కింటి డొరతీ ఆంటీ వంగి ఉన్నారు, మా ముఖాలకు సరిగ్గా ఎదురుగా. ఆవిడ పక్కన ఊలుబంతిలాంటి తెల్లకుక్క, ఆవిడ చేతిలో చిన్న పార. ఆ పారలో ఏముందో కూడా స్పష్టంగా కనిపిస్తోంది. మామ్మగారు చీర దోపుకుని, చేతిలో పారేయడానికి తీసిన పెంట పళ్ళెంతో నిలబడి ఉన్నారు. ఆడవాళ్ళిద్దరూ ఒకరి చేతిలోది ఒకరు చూసుకున్నారు. డొరతీ ఆంటీ ముఖం నిండా నవ్వి, చేతిలోని పార పైకెత్తి ఊపారు.

మామ్మగారు పెదాలు కదపకుండా అడిగారు. "ఈవిడ జడ్జిగారి భార్య కదూ?"

"అవును మామ్మగారూ. రిటైర్డ్ జడ్జి."

"జడ్జి అంటే, తీర్పులు చెప్పే జడ్జేనా?"

"ఆయనే."

మామ్మగారు పళ్ళెం పైకెత్తి, అంతే గంభీరంగా ఊపారు. కల్యాణంలో తాంబూలం అందుకునేటప్పుడు కూడా అంత ఠీవిగా ఉండి ఉండరు. తర్వాత నావైపు తిరిగారు. "కర్టెన్ మళ్ళీ కట్టనక్కర్లేదు. చిట్టమ్మగారూ, ఇలా వచ్చి ఈ పై అంతస్తు నుంచి రెండో తుడుపు మీరు తుడవండి." నన్ను మీరు అన్నారంటే అది ఆజ్ఞ, అది పదవి కూడా.

నేను తుడిచాను. పైనుంచి కిందికి. బక్షీ నా మెడమీద ఎక్కి జడ రిబ్బను విప్పుతుంటే, దివాన్జీ తడిగుడ్డ లాక్కుని సోఫా లేని చోట సోఫా వెతుక్కుంటుంటే, మామ్మగారు వాటి వెంట పడ్డారు. నిజంగా పడ్డారు, పరుగెత్తారు. వేడినీళ్ళ బకెట్టు తన్నేశాం. ఇద్దరం తడిసిపోయి, వెనిగర్ కంపు కొడుతూ, చాకలికి ఆనుకుని కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వాం. ఆవిడ నవ్వితే పళ్ళు కనిపిస్తాయని నాకు ఆ రోజే తెలిసింది. ఆదివారం మధ్యాహ్నం నాన్నగారు దిగి, ఫ్యాక్టరీలో సరుకు పరీక్షించినట్టు ప్రతి మూలా వేలితో రాసి, వేలు వాసన చూశారు. "ఎవరు చేశారు?" "నేను" అన్నాను. మామ్మగారు మెట్లమీంచే, "ముంగిసల దరోగాగారు చేశారు. ఇక ఆ ఉద్యోగం ఆవిడదే" అన్నారు. ఆ ఉద్యోగం నేను ఆరేళ్ళు చేశాను, దివాన్జీ ఉన్నంతకాలం, ఆ తర్వాత బక్షీ ఉన్నంతకాలం.

ఇప్పుడు నీరజ పంజరంలో చక్రాలున్నాయి, లాగితే వచ్చే పళ్ళాలున్నాయి. పది నిమిషాల్లో శుభ్రమైపోతుంది. తలుపులు బార్లా తెరిచి, ఫోన్‌లో స్నేహితురాలితో మాట్లాడుతూనే ఆ పని చేసేస్తుంది. చాటు అక్కర్లేదు, దగ్గేవాళ్ళు అక్కర్లేదు. అది చూసి నాకు ముచ్చటేసింది, కాస్త అసూయ కూడా వేసింది. మాకు పంజరం కడగడానికి మూడు తరాలు, ఒక కర్టెన్, ఒక జడ్జిగారి భార్య కావలసి వచ్చారు. కానీ అంత నవ్వు నీరజకు ఎక్కడ దొరుకుతుంది? వీరంపాడు గురించి నేను చెప్పిన కథలన్నీ దానికి తెలుసు. వెల్లగొడుగు, వెండి బెత్తాలు. ఈ కథ మాత్రం ఆ స్క్రూల మధ్య కూర్చుని మొదటిసారి చెప్పాను. నా వీపు ఆ రోజు నిటారుగానే ఉంది. ఇదివరకు దేన్ని చూసుకుని నిటారుగా ఉండేదో, ఆ రోజు అది కాదు.

ఆ శనివారం బేస్‌మెంట్‌లో, నవ్వు ఆగాక, నేను మామ్మగారిని ఇంకొక్క మాట అడిగాను. అంత బాగా చూసుకున్న మాణిక్యం ఏమైందని. ఆవిడ దోపుకున్న కుచ్చిళ్ళు కిందికి దింపుకుంటూ జవాబు చెప్పారు. "కడగడం నావల్ల అయింది. మేపడం ఎవరివల్లా కాలేదు." మూడో వేసవిలో, వానలు పడకముందే, ఏనుగును ఒక సర్కస్ వాళ్ళకు అమ్మారు. గొలుసులు, మెడగంట, అంబారీ కూడా దానితోనే అమ్మేశారు.